అనుమానం ముందే చెప్పాలి

వీసా ఇవ్వడం, ఇవ్వకపోవడం కెనడా ప్రభుత్వం ఇష్టం. ఆ దేశంలో అడుగుపెట్టే హక్కు విదేశీయుడికి లేదు. దాంతో మాకు పేచీ లేదు. పేచీ అంతా తిరస్కరించే తీరుతోనే. కాగితాలు నకిలీవని అనుమానించిన అధికారి, ఆ మాట దరఖాస్తుదారుడికి చెప్పకుండానే ఫైలు మూసేస్తే అది అన్యాయం. అక్కడి కోర్టులూ అదే అంటున్నాయి.

నిర్ణయ స్వభావాన్నిబట్టి, అది మనిషి జీవితంపై చూపే ప్రభావాన్నిబట్టి పాటించాల్సిన ప్రక్రియ మారుతుందని 1999లో బేకర్ కేసులో కెనడా సుప్రీంకోర్టు తేల్చింది. చదువుకో, చూడ్డానికో వెళ్లే వీసాల్లో దరఖాస్తుదారుడి మాట వినాల్సిన ఈ బాధ్యత తక్కువ స్థాయిలోనే ఉంటుందని ఫెడరల్ కోర్టు చెబుతూ వస్తోంది. తక్కువే గానీ సున్నా కాదు.

గీత ఎక్కడుందో చూడాలి. ఫీజుకు, ఖర్చులకు సరిపడా డబ్బు చూపకపోతే అధికారి ముందుగా హెచ్చరించనక్కర్లేదు. రుజువు చేసుకోవాల్సిన భారం దరఖాస్తుదారుడిదే. బ్యాంకు స్టేట్‌మెంటు జతచేశాక అది దొంగదని అధికారికి తోచినా, తానే బ్యాంకుకు ఫోన్ చేసి వేరే జవాబు తెచ్చుకున్నా సంగతి వేరు. అప్పుడు అడిగి తీరాలి. ఇక్కడే ఒక దొడ్డిదారి ఉంది. ‘నమ్మడం లేదు’ అని రాయాల్సిన చోట ‘ఆధారాలు చాలలేదు’ అని రాసేస్తే అడగాల్సిన పని తప్పినట్టే కనిపిస్తుంది. జడ్జిలు ఈ ముసుగు తీసి చూసిన తీర్పులున్నాయి. కానీ ఫైలు జడ్జి దాకా వెళ్లాలి కదా!

ఆ దారి ఇరుకు. కెనడా బయట తలెత్తిన వ్యవహారమైతే నిర్ణయం తెలిసిన 60 రోజుల్లో, లోపలిదైతే 15 రోజుల్లో ఫెడరల్ కోర్టులో దాఖలు చేయాలి. ముందు ‘లీవ్’, అంటే కేసు వినడానికి అనుమతి దొరకాలి. సాధారణంగా ఒక జడ్జి కాగితాలు చూసే తేలుస్తారు. కాదంటే అప్పీలు లేదు. గెలిచినా చేతికి వచ్చేది వీసా కాదు. ఫైలు మరో అధికారి బల్ల మీదికి వెళ్తుంది, అంతే. ఈలోగా కాలేజీ సెమిస్టరు దాటిపోతుంది. ప్రత్యేక కారణాలుంటే తప్ప కోర్టు ఖర్చులూ ఇప్పించరు.

తిరస్కరణ లేఖలతో పాటే అధికారి నోట్స్ పంపడం 2025లో కొన్ని రకాల వీసాలకు మొదలైంది. మంచిదే, అంతకుముందు చాలామందికి కేసు వేశాకగానీ అవి అందేవి కావు. అయితే నోట్స్ వచ్చేది నిర్ణయం అయిపోయాక. సంజాయిషీ వినాల్సింది అంతకుముందు.

తప్పుడు సమాచారం ఇచ్చారన్న ముద్ర పడితే ఐదేళ్ల నిషేధం. అంత పెద్ద శిక్షకు ముందు పంపే ‘ఫెయిర్‌నెస్ లెటర్’, అంటే సందేహం చెప్పి సంజాయిషీ అడిగే లేఖ, చాలాసార్లు ఏజెంటు ఈమెయిల్‌కు వెళ్తుంది. ఇచ్చిన చిరునామాకే పంపామని, అది వెనక్కి రాలేదని అధికారులు చూపిస్తే ‘మాకు అందలేదు’ అన్న వాదన నిలబడటం కష్టం. అందుకే దరఖాస్తులో సొంత ఈమెయిల్ ఉండాలి, సమర్పించిన ప్రతి కాగితానికీ నకలు దగ్గరుండాలి. నిర్ణయాన్ని సమీక్షించేటప్పుడు కోర్టు మామూలుగా అధికారి ముందున్న రికార్డునే చూస్తుంది, కొత్త కాగితాలు చెల్లవు. ప్రక్రియలో లోపం జరిగిందని చూపే అఫిడవిట్‌కు మాత్రం మినహాయింపు ఉంది. దీన్ని వాడుకోవడం తెలియకే కొందరు చేతులు కాల్చుకుంటున్నారు.

ఇమిగ్రేషన్ శాఖను మేం కోరేది పెద్దదేం కాదు. ‘కొన్ని పత్రాలపై సందేహాలున్నాయి’ అన్న పొడి వాక్యం పనికిరాదు. ఏ పత్రం, అందులో ఏ అంశం, సందేహం ఎక్కడినుంచి వచ్చింది అన్న మూడూ లేఖలో ఉండాలి. బ్యాంకు నుంచో కాలేజీ నుంచో ధ్రువీకరణ తెచ్చుకోవడానికి పట్టే రోజులను బట్టి గడువు పెట్టాలి. గడువు పొడిగించమని అడిగినవారికి ఇచ్చిందీ లేనిదీ, ఎందుకన్నదీ నోట్స్‌లో నమోదు చేయాలి.