డాలస్‌లో తెలుగు టీవీ: అందేదేమిటి, అందనిదేమిటి

2024 ఆగస్టు 31, శనివారం రాత్రి. అమెరికాలో లేబర్ డే సెలవులు కావడంతో డాలస్ శివార్లలోని మా ఇంట్లో ఎవరికీ మర్నాటి తొందర లేదు. మేం పడుకోబోయే వేళకు విజయవాడలో ఆదివారం తెల్లవారింది. బుడమేరు పొంగి సింగ్‌నగర్‌లోకి నీళ్లు వచ్చేస్తున్నాయని టీవీలో స్క్రోలింగ్ మొదలైంది. మా పిన్ని వాళ్లు ఉండేది అక్కడే, పాయకాపురం వెళ్లే దారిలో. మొదట రెండు మూడు సార్లు ఫోను కలిసింది. నీళ్లు గుమ్మం దాకా వచ్చాయని, సామాను మంచాల మీదికి ఎక్కిస్తున్నామని పిన్ని చెప్పింది. తర్వాత అక్కడ కరెంటు పోయింది, ఫోన్లలో చార్జింగ్ అయిపోయింది. ఇక మాకు మిగిలింది టీవీ ఒక్కటే. డ్రోన్ దృశ్యాలు వచ్చినప్పుడల్లా అమ్మ సోఫాలోంచి లేచి టీవీకి జానెడు దూరంలో నిలబడి, డాబాల మీది నీళ్ల ట్యాంకుల రంగు, పిట్టగోడల వరస చూసి సందు ఆనవాలు పట్టడానికి ప్రయత్నించేది. తెల్లవారుజామున ఒకసారి దొరికింది: నీలం ట్యాంకు, దాని పక్కన సగం కట్టి వదిలేసిన మేడ, మేడ మీద మనుషులు. ఇరవై సెకన్లు ఉందేమో. "అదిగో, అదే" అనేలోపు తెర స్టూడియోకి మారిపోయింది. వరదకు కారణం పాత ప్రభుత్వమా, కొత్త ప్రభుత్వమా అనే చర్చ మొదలై గంటలకొద్దీ నడిచింది.

పరాయి దేశంలో ఉండి ఇంటి టీవీ చూసేవాళ్లకు కావలసినదానికీ అందుతున్నదానికీ మధ్య దూరం ఎంతో ఆ రాత్రి నాకు తెలిసింది. మనకు కావలసింది ఆ సందు, అందుతున్నది స్టూడియో. దీనికి చానళ్లను తిట్టి ఊరుకోవడం తేలికే గానీ, తెలుగు టీవీ మన దాకా వచ్చే దారులు ఎలా ఏర్పడ్డాయో చూస్తే అసలు కారణం బోధపడుతుంది.

1990లలో ఇక్కడికి వచ్చినవాళ్లకు తెలుగు తెర అంటే ఇండియన్ కిరాణా కొట్లో అద్దెకు దొరికే వీడియో క్యాసెట్టు. హైదరాబాద్ దూరదర్శన్ 1977లోనే, జెమిని, ఈటీవీ 1995లోనే మొదలైనా ఆ ప్రసారాలు సముద్రాలు దాటి మన హాల్లోకి రావడానికి మరికొన్నేళ్లు పట్టింది. శాటిలైట్ ప్యాకేజీలు వచ్చాక మన చానళ్ల కోసం ఇంటి కప్పు మీద రెండో డిష్ పెట్టించుకున్నవాళ్లు ఎందరో. 2006లో యప్ టీవీ లాంటివి మొదలై ఇంటర్నెట్ దారి తెరిచాయి. ఈ పాత ఏర్పాట్లలో ఒక మేలు ఉండేది. డబ్బు కట్టి ప్యాకేజీ తీసుకుంటే అందులో సినిమాలు, సీరియళ్లు, పాటల పోటీలు, వార్తలు, భక్తి కార్యక్రమాలు అన్నీ కలిసే వచ్చేవి; ఇంటిల్లిపాదీ ఒకే తెర చూసేవారు కాబట్టి వార్తలకు దక్కేది వాటి వంతు సమయమే.

ఇప్పుడు ఆ మూట విడిపోయింది. వార్తా చానళ్లు దాదాపు అన్నీ తమ రోజంతటి ప్రసారాన్ని యూట్యూబ్‌లో ఉచితంగా ఇస్తున్నాయి, ఎందుకంటే వాటికి రాబడి ప్రకటనల మీద. పైగా అమెరికాలో చూసేవారి మీద వచ్చే ప్రకటనల రాబడి ఎక్కువ. వినోద కార్యక్రమాలు మాత్రం చాలావరకు చందాల వెనక ఉండిపోయాయి. వాటి హక్కులు దేశానికొక రకంగా అమ్ముడవుతాయి కనుక హైదరాబాద్‌లో చక్కగా పనిచేసిన యాప్ ఇక్కడ "మీ దేశంలో అందుబాటులో లేదు" అంటుంది. 2017లో అమెరికాకు వచ్చిన హాట్‌స్టార్ 2022 చివర్లో ఇక్కడ ఆగిపోయి, అందులోని కార్యక్రమాలు హులూ అనే మరో యాప్‌కి మారినప్పుడు ఎన్ని ఇళ్లలో పెద్దవాళ్లు తమ సీరియల్ ఎక్కడికి పోయిందని వెతుక్కున్నారో నాకు తెలుసు. చందా కట్టని ఇంట్లో, పైసా ఖర్చు లేకుండా, ఎప్పుడంటే అప్పుడు దొరికే తెలుగు కార్యక్రమం ఎక్కువగా స్టూడియో చర్చే అయింది. నిన్న ఏ పార్టీ వాదన విన్నామో దానికి దగ్గరి వాదనలనే యూట్యూబ్ ఇవాళ వరసగా పేర్చి పెడుతుంది. అందువల్ల మనం మన రాష్ట్రాన్ని చూస్తున్నామనుకుంటూ, రాష్ట్రం గురించి ఒక పక్షం చెప్పేది మాత్రమే వింటున్నాం.

ఏ ఇంట్లో ఏ చానల్ పెట్టారో చూస్తే ఆ ఇంటి పార్టీ తెలిసిపోతుందన్నది ఇక్కడ అందరికీ తెలిసిన సంగతే. వారాంతంలో పది కుటుంబాలు కలిసే భోజనాలప్పుడు ఈ బాధ పడలేక టీటీడీ వారి ఎస్వీబీసీ పెట్టేసే ఇళ్లు నేను చాలా చూశాను. తిరుమల మీద గౌరవంతో పాటు, స్నేహితులు మాటా మాటా అనుకోకుండా చూసుకోవాలన్న ఆదుర్దా కూడా అందులో ఉంది. ఇరవై ఏళ్లుగా ఒకరి పిల్లల్ని ఒకరు స్కూలు నుంచి తీసుకొచ్చిన కుటుంబాలు ఒక చర్చా కార్యక్రమం వల్ల మాట్లాడుకోవడం మానేశాయంటే అది చిన్న నష్టం కాదు.

ఇంకా పెద్ద నష్టం మరొకటి ఉంది. 2024 మే 4న టెక్సాస్‌లో చాలా ఊళ్లలో సిటీ కౌన్సిళ్లకు, స్కూల్ బోర్డులకు ఎన్నికలు జరిగాయి. తొమ్మిది రోజుల తర్వాత, మే 13న, ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్. భారత పౌరులుగా ఉన్న ప్రవాసులు పేరు నమోదు చేయించుకుంటే 2010 నాటి చట్ట సవరణ ప్రకారం ఓటు వేయవచ్చు, అయితే స్వయంగా పోలింగ్ కేంద్రానికి వెళ్లాలి. అలా సెలవు పెట్టి, టికెట్లు కొనుక్కుని వెళ్లినవాళ్లను నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను. నా బాధ ఇక్కడి పౌరసత్వం తీసుకుని, ఇక్కడ మాత్రమే ఓటున్నవాళ్ల గురించి. ఆ నెలలో మా వీధిలోని తెలుగువాళ్లను అడిగితే ఏ నియోజకవర్గంలో ఎవరు పోటీ, గాలి ఎటు ఉంది అన్నీ చెప్పేవారు. తమ పిల్లల బడి గురించి నిర్ణయాలు తీసుకునే బోర్డుకు పోటీలో ఎవరున్నారో చెప్పగలిగినవాళ్లు నాకు ఇద్దరు కనిపించారు. జూన్ 3 రాత్రి తొమ్మిదిన్నరకు, అంటే ఇండియాలో 4వ తేదీ ఉదయం ఎనిమిదికి కౌంటింగ్ మొదలయ్యేసరికి ప్రతి ఇంట్లోనూ దీపాలు వెలుగుతున్నాయి. ఆ ఉత్సాహం తప్పని నేను అనను, నేనూ మేలుకునే ఉన్నాను. కానీ ఆ ఫలితం వల్ల జీవితం మారేది అక్కడివాళ్లకు. మే 4 ఫలితం వల్ల మారేది మాకు.

ఇదంతా చదివి టీవీ కట్టేయమంటున్నానని అనుకోవద్దు. విజిటర్ వీసా మీద ఆరు నెలలకు వచ్చే తల్లిదండ్రులను దగ్గర నుంచి చూసినవారెవరూ ఆ మాట అనలేరు. కారు నడపలేరు, నడిచి వెళ్లేంత దూరంలో కొట్టు ఉండదు, పగలంతా ఇంట్లో మాటకు మనిషి ఉండడు. మా అమ్మ రోజును నిలబెట్టేది టీవీయే. తిరుమలలో సాయంత్రం ఐదున్నరకు జరిగే సహస్రదీపాలంకరణ సేవ వేసవిలో మాకు ఉదయం ఏడు గంటలకు వస్తుంది. అమ్మ కాఫీ దానితోనే. అక్కడి రాత్రి ఏడున్నర సీరియల్ మాకు ఉదయం తొమ్మిదికి. నవంబరులో ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పిన మర్నాడు సోమవారం, అమ్మ ఎప్పటిలాగే తొమ్మిదికి కూర్చుంటే ఆ సీరియల్ ఎప్పుడో అయిపోయింది, తర్వాతి తర్వాతిది నడుస్తోంది. విషయం చెప్పాను. "గంటలు వీళ్లు జరుపుకుంటే మనవాళ్లెందుకు ఆగుతారు" అని, ఆ రోజు నుంచి వంట పని తొమ్మిది తర్వాతికి మార్చుకుంది. ఊళ్లో ఉన్న ఆమె చెల్లెళ్లూ అదే క్షణంలో అదే చూస్తుంటారు. అది అయ్యాక ఫోనులో అరగంట దాని మీదే మాట్లాడుకుంటారు. తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు కదా, లైవ్ ఎందుకని మనం అంటుంటాం. చెల్లెళ్లతో కలిసి చూడటమే ఆమెకు ముఖ్యమన్న సంగతి నాకు అర్థం కావడానికి రెండు వేసవులు పట్టింది.

గల్ఫ్‌లో పరిస్థితి వేరు. కువైట్, సౌదీకి ఇండియా సమయంతో తేడా రెండున్నర గంటలే, దుబాయ్‌తో గంటన్నరే. అక్కడివాళ్లు ఇంటివాళ్లతో పాటు అదే సాయంత్రాన్ని గడపగలరు. అయితే కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్ ఇళ్లలో పనికి వెళ్లిన ఆడవాళ్లకు గానీ, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి వెళ్లి క్యాంపు గదుల్లో ఒకదాని మీద ఒకటి మంచాలేసుకుని ఉండే కార్మికులకు గానీ ఆ సాయంత్రం తమది కాదు. పని అయ్యాక, చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, నిద్ర ముంచుకొచ్చే దాకా ఫోనులో చూసేదే వాళ్ల టీవీ. అదే ఫోను అవతలి వైపుకీ పనిచేస్తుంది. యజమాని హింసిస్తున్నాడని, జీతం ఇవ్వడం లేదని, పాస్‌పోర్టు లాక్కున్నారని కార్మికులు పంపిన సెల్ఫీ వీడియోలు తెలుగు చానళ్లలో ప్రసారమయ్యాక అధికారులు, రాయబార కార్యాలయాలు కదిలిన సందర్భాలు ఉన్నాయి. మా అమెరికా ఇళ్లలో తెలుగు టీవీ ఎంత సేపు నడిచినా ఇంత ఉపయోగపడిన రోజు నాకు గుర్తు లేదు.

పిల్లల సంగతీ చెప్పాలి. ఇక్కడ పుట్టిన పిల్లలు వినే తెలుగులో సగం తల్లిదండ్రులది, మిగతా సగం తెర నుంచి వచ్చేది. స్టూడియో చర్చల్లో నలుగురు ఒకేసారి అరిచే తెలుగు విన్న పిల్లవాడు భాష నేర్చుకోడు, గొంతు నేర్చుకుంటాడు. 1996లో ఈటీవీలో మొదలైన ‘పాడుతా తీయగా’లో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం ఒక చరణం ఆపి, మాటకు అర్థం చెప్పి, ఒత్తు ఎక్కడ పడాలో, శ, ష, స ఎలా పలకాలో ఓపికగా సరిచేసేవారు. మా అమ్మాయికి ళకారం పలికించింది మేం కాదు, ఆ పాత ఎపిసోడ్లే. ఆయన 2020 సెప్టెంబరు 25న పోయిన రోజు మా ఇంట్లో ఏడ్చినవాళ్లలో తెలుగు చదవడం రాని పన్నెండేళ్ల పిల్ల కూడా ఉంది.

కాబట్టి ప్రవాస ప్రేక్షకులను కోరి కూర్చోబెట్టుకుంటున్న చానళ్లను నేను అడిగేది ఒక్కటే. తెలుగు వార్తా చానళ్లు నడిచేది హైదరాబాద్ నుంచి. జిల్లా తెర మీదికి రావాలంటే అక్కడ ప్రమాదమో, హత్యో, నాయకుడి పర్యటనో జరగాలి. మాకు రోజుకొక అరగంట జిల్లాలను చూపించండి. వాన ఎంత పడిందో, కాలవకు నీళ్లు వదిలారో లేదో, బడి తెరిచారో లేదో, ఏ రోడ్డు తెగిందో చెప్పండి. అలాంటిదానికి చందా కట్టడానికి నేను సిద్ధం, నాలాంటివాళ్లు మరెందరో ఉన్నారు.

వరద మాటకే మళ్లీ వస్తాను. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11.4 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు కిందికి వెళ్లింది. ఆ నీరంతా దిగువన కొల్లిపర, కొల్లూరు లంకల మీదుగానే పోవాలి. మా అరటి తోట ఉన్నది కొల్లూరు లంకలోనే. టీవీ రెండు రోజులూ విజయవాడ దగ్గరే ఉండిపోయింది. మూడో రోజు పిన్ని వాళ్లను పడవలో బయటికి తెచ్చారని కబురు అందాక ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం. నాన్న మాత్రం ట్యాబ్‌లో ఒక పత్రిక ఈ-పేపర్ తెరిచి, బాపట్ల జిల్లా పేజీకి వెళ్లారు. మూలన చిన్న ఫొటో: మొవ్వుల దాకా మునిగిన అరటి, వెనక ఒక తాడిచెట్టు. రెండు వేళ్లతో దాన్ని పెద్దది చేసి, చుక్కలు చుక్కలుగా విడిపోయే దాకా చూసి, "ఇది మన పక్క చేను" అన్నారు.