లార్వాలను విడివిడిగానే పెంచాలి

వేటాడే నేల పెంకుపురుగుల పెంపకంపై ఈ వ్యాసం శ్రద్ధగా రాసిందే అయినా, మేత సరిపడా వేస్తే లార్వాలన్నిటినీ (గుడ్డు నుంచి వచ్చిన పిల్ల పురుగులను) ఒకే డబ్బాలో ఉంచవచ్చన్న సలహాతో నేను ఏకీభవించలేను. ఈ పెంకుపురుగుల్లో ఒక ప్రజాతి అయిన కారబస్ లార్వాలు ఎదురుపడిన తోబుట్టువును కూడా వేటగానే చూస్తాయి. ముఖ్యంగా అప్పుడే కుబుసం విడిచి, ఒళ్లు ఇంకా తెల్లగా, మెత్తగా ఉన్న లార్వాకు తప్పించుకునే శక్తి ఉండదు. అందుకే గుడ్డు నుంచి బయటపడిన వెంటనే ఒక్కొక్కదాన్ని తడి మట్టి నింపిన చిన్న డబ్బాలోకి మార్చడం తప్పనిసరి.

మేత విషయంలోనూ అన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. పూర్తిగా ఎదిగిన పురుగులు రకరకాల మేత తింటాయి గానీ, లార్వాల్లో కొన్ని జాతులు నత్తలపై, కొన్ని వానపాములపై, కలోసోమా అనే మరో ప్రజాతి లార్వాలు గొంగళి పురుగులపై ఆధారపడతాయి. (గొంగళి దశలో చెట్ల ఆకులు తినేసే జిప్సీ చిమ్మటను అదుపు చేసేందుకు 1905 నుంచి ఈ ప్రజాతిలోని కలోసోమా సైకోఫాంటాను యూరప్ నుంచి అమెరికాకు తీసుకువెళ్లడానికి కారణం ఈ తిండి అలవాటే.) మిగిలిపోయిన మేతను వెంటనే తీసేయకపోతే బూజు, సన్నని నల్లి (మైట్స్) పడతాయి.

వ్యాసం అసలు ప్రస్తావించనిది ప్యూపా దశ, అంటే లార్వా ఎదిగిన పురుగుగా మారే దశ. చివరి దశ లార్వా మేత మాని, మట్టిలోకి దిగి, చుట్టూ మట్టిని అదిమి చిన్న గది కట్టుకుంటుంది. అందులో ప్యూపా వెల్లకిలా పడుకుని, వీపు మీది నూగు ఆసరాతో తడి మట్టికి ఒళ్లు తగలకుండా ఉంటుంది. ఆ గది కూలితే పురుగు చనిపోవచ్చు, లేదా రెక్కలు వంకరపోవచ్చు. కనుక ఎంత ఆత్రుతగా ఉన్నా మట్టి తవ్వి చూడకూడదు, డబ్బాను కుదపకూడదు. వ్యాసకర్త ఈ భాగాన్ని చేర్చి, లార్వాల గురించిన సలహాను సవరించాలని కోరుతున్నాను.