ఆ జైలు కథ భర్తది కాదు

ఒక సందేశాన్ని మిత్రులు ఈ నెలలో నాకు ఐదోసారి పంపారు. "ఫ్రాన్సెస్ మేరియన్ హాలీవుడ్ తొలి రచయిత్రి, మూకీల నాటి తార మేరీ పిక్‌ఫర్డ్ స్నేహంతో పైకొచ్చింది, ఏడుపు కథలు తప్ప రాయలేదు, టాకీలు రాగానే కనుమరుగైంది, ఆస్కార్ తెచ్చిన జైలు కథ నిజానికి భర్త రాసిందే" అన్నది దాని సారాంశం.

ఆమె తొలి రచయిత్రి కారు. సినిమా పని నేర్చుకున్నదే లోయిస్ వెబర్ దగ్గర. వెబర్ అప్పటికే కథలు రాసి, చిత్రాలు తీస్తున్నారు. ఇక టాకీల సంగతి: ఆమెకు వచ్చిన రెండు ఆస్కార్లూ టాకీలకే వచ్చాయి. గ్రెటా గార్బో తెరమీద తొలిసారి నోరు విప్పిన ‘అన్నా క్రిస్టీ’కి (1930) చిత్రానువాదం సమకూర్చింది కూడా ఈ ‘కనుమరుగైన’ మనిషే.

అసలు కోపం తెప్పించింది భర్త మాట. తాగి కారు నడిపి ఒకరి చావుకు కారణమైన కుర్రవాణ్ణి కరడుగట్టిన నేరగాళ్లతో కలిపి ఒకే గదిలో కుక్కితే ఏమవుతుందన్నది ‘ది బిగ్ హౌస్’ (1930) కథ. దానికోసం ఆమె శాన్ క్వెంటిన్ జైలుకు స్వయంగా వెళ్లి, అక్కడి బతుకు చూసి వచ్చారు. ఆ చిత్ర దర్శకుడు జార్జ్ హిల్ ఆమె భర్త కావడం ఒక్కటే ఈ ఆరోపణకు ఆధారం. మరి బాక్సర్ చిత్రం ‘ది చాంప్’ (1931) కథకు వచ్చిన రెండో ఆస్కార్‌ను ఎవరికి కట్టబెడదాం? దాని దర్శకుడు కింగ్ విడార్ ఆమెకు ఏమీ కారు. నిజం చెప్పాలంటే, ‘ది బిగ్ హౌస్’ మాటలన్నీ ఆమెవి కావు. అదనపు సంభాషణలు రాసినవారిగా జో ఫార్నమ్, మార్టిన్ ఫ్లేవిన్ పేర్లు నమోదై ఉన్నాయి. చేయి వేసిన ఇద్దరు మగవారి పేర్లు దాచని స్టూడియో, కథంతా రాసిన మూడో మగవాడి పేరు మాత్రం దాచిందని మనం నమ్మాలి కాబోలు.

పిక్‌ఫర్డ్ స్నేహం మాత్రం నిజం. అది ఎంతగానో తోడ్పడిందని నేనూ ఒప్పుకుంటాను. అది లేకపోతే 1921లో పిక్‌ఫర్డ్ నటించిన ‘ది లవ్ లైట్’కు దర్శకత్వం వహించే అవకాశం ఆమెకు దక్కేదే కాదేమో. అలాగే, అవకాశాలు కరువైన మేరీ డ్రెస్లర్‌కు ఆమె పాత్రలు రాసి నిలబెట్టారు. ‘మిన్ అండ్ బిల్’తో డ్రెస్లర్ ఉత్తమ నటి అయ్యారు. ఆ స్నేహాన్ని సందేశం ఎందుకో మరిచింది.

ఏడుపు కథలంటారా? జైలునూ బాక్సర్‌నూ పక్కన పెట్టినా, 1920లలో అప్పటి భర్త, కౌబాయ్ హీరో ఫ్రెడ్ థామ్సన్ కోసం ఆమె గుర్రాల, తుపాకుల కథలు రాశారు. వాటిమీద కనిపించే రచయిత పేరు ఫ్రాంక్ ఎం. క్లిఫ్టన్. క్లిఫ్టన్ అన్నది థామ్సన్ నడిమి పేరు. రాసింది మాత్రం భార్యే.