ముత్తాతగారి చిరునామా

పదవీ విరమణ చేసిన మా మామయ్య ఖాళీగా కూర్చుంటే ఇంట్లో అందరికీ కష్టమేనని ముందే గ్రహించిన అత్తయ్య, ఆయన తాతగారి, అంటే మా ముత్తాతగారి, సమాధి ఎక్కడుందో కనిపెట్టే బాధ్యతను ఆయన చేతిలో పెట్టింది. ముత్తాతగారిని ఖననం చేశారని ఇంట్లో అందరికీ తెలుసు. ఎక్కడ అన్నది చెప్పగలిగినవారు మాత్రం అప్పటికే ఒక్కొక్కరుగా తమ తమ సమాధులలోకి వెళ్ళిపోయారు.

మామయ్యకు మొదట దొరికినది ఒక పాత వార్తాపత్రికలోని మరణ ప్రకటన. అందులో ముత్తాతగారి సౌమ్యత గురించి, దైవభక్తి గురించి పేరా నిండా ఉండగా, సమాధి గురించి మాత్రం "ఖననం కుటుంబ స్థలంలో జరుగును" అని ఒక్క ముక్క ఉంది. మరణ ప్రకటనలతో వచ్చే చిక్కే ఇది. అంత్యక్రియలకు రావలసినవారి కోసం ముందుగానే అచ్చువేసేది కాబట్టి, అది జరగబోయేదాన్ని చెబుతుందే గాని జరిగినదాన్ని చెప్పదు. ఆఖరి గడియలో బంధువులు మాటా మాటా అనుకుని చోటు మార్చేసినా మరునాటి పత్రిక ఆ సంగతి రాయదు. పైగా చదివే ప్రతివారికీ ఆ కుటుంబం ఏదో, ఆ స్థలం ఏదో తెలిసే ఉంటుందన్న ధీమాతో దాన్ని రాస్తారు. ఎవరి కుటుంబం అన్న అనుమానం మామయ్యకు రానే లేదు. తన తాతగారి కుటుంబమంటే తన ఇంటిపేరు గల కుటుంబం కాక మరేమిటని ఆయన వాదం.

ఆ వాదం పట్టుకుని, శ్మశానవాటికల పాత రిజిస్టర్లను చూసి ఎవరో ఓపికగా కంప్యూటర్‌లోకి ఎక్కించిన ఒక సూచికలో వెతికితే, ముత్తాతగారి పేరూ, ఇంటిపేరూ, పక్కనే వయసు 77 అనీ కనిపించాయి. ఆయన నిండు జీవితం గడిపి పోయారని ఇంట్లో చెప్పుకునే మాటకు అది అతికినట్టు సరిపోయింది. సూచిక అనేది అసలు రికార్డు కాదనీ, అసలు పుట చూడనిదే దేన్నీ నమ్మరాదనీ వంశవృక్షాలు రాసేవారంతా మొత్తుకుంటారు గాని, మామయ్యకు అంత ఓపిక లేకపోయింది. ఆ సాయంత్రమే బంధువులందరికీ ఫోన్లు వెళ్ళాయి.

నిర్ణయించిన రోజున మేమందరం పూలు పట్టుకుని ఆ సమాధి చుట్టూ నిలబడ్డాం. రాతి నిండా బూడిద రంగు నాచు పట్టి, పైన పేరు తప్ప కింది అక్షరాలు ఏవీ ఆనడం లేదు. మామయ్య జేబులోంచి కాగితం తీసి గొంతు సవరించుకున్నారు. ఏడుగురు పిల్లలను పెంచి ప్రయోజకులను చేసిన దీక్షనూ, అప్పులవారికి ఎదురునిలిచిన ధైర్యాన్నీ, అల్లుళ్ళను ఆదరించిన తీరునూ, వృద్ధాప్యంలో మోకాళ్ళ నొప్పులను చిరునవ్వుతో భరించిన సహనాన్నీ ఆయన వర్ణిస్తూ ఉంటే, వరసకు చెల్లెలయ్యే ఒకావిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆ రాతి వాలు అచ్చం మా వంశంవారి నుదుటిలాగే ఉందని ఇంకొకరు గుర్తించారు.

ప్రసంగం మోకాళ్ళ నొప్పుల దగ్గర ఉండగా, విసుగెత్తిన మామయ్య మనవరాలు తన చేతిసంచిలోని చిన్న అద్దం తీసి ఎండను రాతి మీదికి మళ్ళించి ఆడుకోవడం మొదలుపెట్టింది. అరిగిపోయిన శిలాఫలకం చదవడానికి అంతకంటే మంచి ఉపాయం లేదు. ఇనుప బ్రష్షుతో రుద్దితే రాయి పాడవుతుంది. పక్కవాటుగా వెలుతురు పడితే మాత్రం లోతు తగ్గిన గీతలకు నీడ వచ్చి అక్షరాలు వాటంతట అవే లేస్తాయి. అలాగే లేచాయి. ఆ పిల్ల పెద్దగా చదివింది: "వయసు 11."

పాత చేతిరాతలో ఒకటి అంకెకు తల మీద చిన్న కొక్కెం పెట్టేవారు. ఆ కొక్కెం కాస్త పొడుగైతే ఒకటి ఏడవుతుంది, రెండు ఒకట్లు డెబ్బై ఏడవుతాయి. అదే పేరు గల పసివాడి ముందు నిలబడి అల్లుళ్ళను ఆదరించిన తీరును పొగిడామని అందరికీ అర్థమయ్యేసరికి కొంత సమయం పట్టింది. తెచ్చిన పూలు మాత్రం ఆ బాబుకే పెట్టి వచ్చాం. అతని కోసం ఎవరైనా వచ్చి ఎంతకాలమైందో!

ఇంటికి వచ్చాక మామయ్య చరిత్రను అడ్డం పెట్టుకున్నారు. 1791లో పోయిన మొజార్ట్‌ను వియన్నాలోని సెయింట్ మార్క్స్ శ్మశానవాటికలో పూడ్చారు గాని కచ్చితంగా ఏ చోటో ఎవరికీ తెలియదనీ, 1859లో అంచనా మీద ఒకచోట స్మారకం నిలబెట్టి 1891లో దాన్నీ అక్కడినుంచి వేరే శ్మశానవాటికకు తరలించారనీ, ఇంగ్లండు రాజు మూడవ రిచర్డ్ అంతటివాడు 1485లో యుద్ధంలో పడిపోయి 2012లో లెస్టర్ నగరంలో కార్లు నిలిపే చోటి కింద దొరికాడనీ ఆయన ఏకరువు పెట్టారు. అత్తయ్య అంతా విని, "వాళ్ళ మోకాళ్ళ నొప్పుల గురించైనా సరైన మనిషి దగ్గరే మాట్లాడి ఉంటారు లెండి" అని లోపలికి వెళ్ళిపోయింది.

అసలు దారి చూపించినది అదే శ్మశానవాటిక కార్యాలయంలోని ముసలి గుమాస్తా. ఆయన దగ్గర మూడు రకాల పుస్తకాలున్నాయి: తేదీల వరసలో ఖననాల రిజిస్టరు, భాగమూ వరసా సంఖ్యా చూపే పటం, స్థలాల అమ్మకపు పుస్తకం. ఖననాల రిజిస్టరులో ముత్తాతగారు పోయిన ఏడాది పుటలు తడిసి అంటుకుపోయాయి. "అయితే చనిపోయినవారి పేరుతో కాదండీ, డబ్బు కట్టినవారి పేరుతో వెతకండి" అన్నారాయన.

డబ్బు ఎవరు కట్టారు? ఆ ప్రశ్న దగ్గర మళ్ళీ పాత పత్రికలే దిక్కయ్యాయి. ముత్తాతగారి ప్రకటనలో ముత్తవ్వగారు "భార్య" మాత్రమే. పేరూ లేదు, పుట్టింటివారి ఊసూ లేదు. అందుకని మామయ్య ఈసారి ముత్తాతగారిని వదిలిపెట్టి, ఆయన ఇంటిపేరు గలవారు బంధువులుగా కనిపించే ఇతరుల మరణ ప్రకటనలన్నీ చదివారు. చివరికి ఎవరో పెద్దమనిషి ప్రకటనలో, బతికున్న తోబుట్టువుల జాబితా అడుగున, "సోదరి, శ్రీమతి" అని ముత్తాతగారి పూర్తి పేరు దొరికింది. ఆడవారిని సొంత పేరుతో రాయని ఆ కాలపు అలవాటును నేను ఎప్పుడూ తిట్టుకుంటాను గాని, ఆ రోజు మాత్రం అది మా పాలిట మేలే చేసింది. ఆ బావమరిదిగారి పేరుతో అమ్మకపు పుస్తకం తెరిస్తే ఒక స్థలమూ, అందులో పడుకున్నవారి జాబితాలో మా ముత్తాతగారూ ఉన్నారు. "కుటుంబ స్థలం" అంటే అత్తవారి కుటుంబ స్థలమన్నమాట. అల్లుళ్ళను ఆయన ఎలా ఆదరించారో ఏమో గాని, అల్లుడిగా ఆయనను మాత్రం కడదాకా ఆదరించారు.

అక్కడ రాయి లేదు. అటూ ఇటూ రాళ్ళున్న సమాధులనుంచి టేపుతో కొలిచి, పటంలోని సంఖ్యతో సరిచూసి, గుమాస్తా నేల మీద ఒక చోటు చూపించారు. మామయ్య కళ్ళజోడు పెట్టుకుని అమ్మకపు పుస్తకం నకలులో వయసు అంకెను వేలితో తడిమి, కొక్కేలున్నాయా లేవా అని గుమాస్తాను కూడా అడిగి, అప్పుడు జేబులోంచి కాగితం తీశారు. అదే కాగితం.

"తాతయ్యా, ఇది మేము విన్నాం కదా" అంది మనవరాలు.

"మీరు విన్నారమ్మా, ఆయన వినలేదు" అంటూ మామయ్య మొదటి వాక్యం నుంచీ అందుకున్నారు.