స్టూల్ రొటీన్ గారికి బహిరంగ లేఖ

స్టూల్ రొటీన్ గారూ, నమస్కారం.

మలాన్ని మైక్రోస్కోపు కింద చూసే మామూలు పరీక్ష మీరే కదా, మీ రిపోర్టు అందింది. ‘రంగు: పసుపు. స్థితి: నీళ్లగా.’ ఈ సంగతి డబ్బాలో పట్టి తెచ్చినవాడికి ముందే తెలుసు. అయినా ముద్ర వేసి ఇచ్చారు కాబట్టి గౌరవంగానే చదివాం. కింద ‘పస్ సెల్స్ 2–4. ఓవా, సిస్టులు కనబడలేదు’ అన్నారు. అంటే చీము కణాలు కాసిని ఉన్నాయి, పరాన్నజీవుల గుడ్లూ, గట్టి పెంకులో దాక్కున్న రూపాలూ లేవని.

కనబడకపోవడం పూర్తిగా మీ తప్పు కాదులెండి. కదిలే అమీబాని పట్టుకోవాలంటే నీళ్ల విరేచనాన్ని అరగంటలోపు స్లైడు మీద పెట్టాలి. మన డబ్బా ముందు ఇంట్లో ఎవరి కంటా పడకుండా ఓ మూల దాక్కుంటుంది. తర్వాత న్యూస్‌పేపర్ చుట్టుకుని ఆటోలో ఊరేగి, కౌంటర్ దగ్గర బిల్లు కోసం కాసేపు కూర్చుని, అప్పుడు మీ దర్శనానికి వస్తుంది. ఈలోపు అమీబా పోయే ఉంటుంది, పాపం. పరాన్నజీవులు రోజూ బయటపడవు కాబట్టి వేర్వేరు రోజుల్లో మూడు శాంపిళ్లు చూడాలట. మూడో డబ్బా పట్టుకొచ్చిన మహానుభావుణ్ణి మీరెప్పుడైనా చూశారా?

పోనీ కనబడిందే అనుకుందాం. రోగం తెచ్చే ఎంటమీబా హిస్టోలిటికా సిస్టూ, మామూలుగా ఏ హానీ చెయ్యని ఎంటమీబా డిస్పార్ సిస్టూ మైక్రోస్కోపు కింద అచ్చం ఒకేలా ఉంటాయి. అయినా మీరు ధైర్యంగా ‘అమీబియాసిస్’ అని ఎంతమందికి నామకరణం చేశారో!

ఇప్పుడు మీకు పోటీగా మల్టీప్లెక్స్ పీసీఆర్ దిగింది, ఒకే శాంపిల్లో చాలా క్రిముల జన్యు పదార్థాన్ని ఒకేసారి వెతికే పరీక్ష. 2014లో అమెరికాలో అనుమతి వచ్చిన ఒక ప్యానెల్ సుమారు గంటలో 22 రకాల క్రిముల్ని వెతికేస్తుంది. ఆ కవలల్నీ విడదీస్తుంది. బిల్లు చూస్తే మాత్రం తగ్గిన మోషన్స్ మళ్లీ మొదలవుతాయి. పైగా చచ్చిన క్రిమి డీఎన్ఏ దొరికినా ‘ఉంది’ అంటుంది. ఒక్కోసారి మూడు పేర్లు రాసిచ్చి, దోషి ఎవరో మీరే తేల్చుకోండంటుంది. ఏ యాంటీబయాటిక్ పనిచేస్తుందో తెలియాలంటే మళ్లీ క్రిమిని పెంచి చూసే మీ చుట్టం కల్చర్ గారి దగ్గరికే పరుగు. ఆయన రెండు మూడు రోజులు గడువు అడుగుతారు.

మీ ఇద్దరికీ చెప్పకుండా ఇంకో సంగతి జరుగుతోంది. డబ్బా ఇంటి గడప దాటకముందే మెడికల్ షాపువాడు ఆఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపిన మాత్ర మింగించేస్తాడు. విరేచనాలు తెచ్చే నోరోవైరస్‌కి అది లెక్కే లేదు. మన దేశంలో విరేచనాలు తెచ్చే క్యాంపిలోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా కూడా ఆఫ్లాక్సాసిన్ జాతి మందుల్ని చాలావరకు పట్టించుకోవడం మానేసింది. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ చాలక, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్లు తాగించి కలరా రోగుల్ని బతికించారు. ఏ ప్యానెల్ రిపోర్టు కోసమూ ఆగలేదు. ఆ ఓఆర్ఎస్ ప్యాకెట్ ఇప్పటికీ అదే మెడికల్ షాపులో ఉంటుంది, అడిగితే ఇస్తాడు.

రక్తం పడినప్పుడు, ఊరంతా ఒకేసారి పడకేసినప్పుడు మీరిద్దరూ కావాలి, కాదనను. కానీ ఇకమీదట ఆ రంగు సంగతి మాకొదిలేసి, శాంపిల్ ఎన్నింటికి తీశారో, స్లైడు ఎన్నింటికి చూశారో రిపోర్టులో రాయండి.

ఇట్లు,
డబ్బా మోసిన ఒక పేషెంటు