డెన్మార్క్ జనాభా లెక్కల తాతగారికి ఓ కోడలి లేఖ

శ్రీయుత డెన్మార్క్ జనాభా లెక్కల తాతగారికి, మీ దేశపు కోడలు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

మా అబ్బాయిని బడిలో వంశవృక్షం గీసుకురమ్మన్నారు. నా వైపు కొమ్మలు పావుగంటలో పూర్తయ్యాయి. అమ్మకి ఫోన్ చేస్తే ఐదు తరాలు గడగడా చెప్పేసింది, మధ్యలో ఎవరు ఎవరి పొలం గట్టు జరిపారో కూడా కలిపి. మావారిని అడిగితే, "అంతా జనాభా లెక్కల్లో ఉంటుంది, ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు" అని మిమ్మల్ని చూపించి కాఫీ కలుపుకోవడానికి వెళ్ళిపోయారు. ఆ ఉచితానికి ఇప్పటిదాకా మూడు నెలల నిద్ర కట్టాను.

ముందు ఈ పేర్ల సంగతి తేల్చండి. మాకు ఇంటిపేరని ఒకటుంటుంది. తరాలు మారినా అది మారదు, చాలావాటిలో ఊరి పేరే ఉంటుంది. మీ పల్లెల్లో తండ్రి పేరుకి 'సెన్' తగిలిస్తే కొడుకు, 'డాటర్' తగిలిస్తే కూతురు. హాన్స్ కొడుకు యెన్స్ హాన్సెన్, ఆయన కొడుకు నీల్స్ యెన్సెన్, ఆ నీల్స్ కూతురు మారెన్ నీల్స్‌డాటర్. ఒకే పొయ్యి మీద వండుకు తినే మూడు తరాలకి మూడు పేర్లు! 'ఇంటిపేరు కస్తూరివారు' అని ఎవరినైనా ఎత్తిపొడవాలన్నా మీ దగ్గర వీలుపడదు. పుట్టిన పిల్లలకి స్థిరమైన ఇంటిపేరు పెట్టి తీరాలని 1828లో ఆజ్ఞ వచ్చింది. పల్లెలు వింటేగా? 1856లో మళ్ళీ చెప్పాల్సొచ్చింది. చివరికి ఎవరింట్లో ఏ 'సెన్' నడుస్తుంటే అది అక్కడే గడ్డకట్టింది.

తాత పేరు మనవడికి పెట్టడం మాకూ ఉంది, దానికి నేనేమీ అనను. కానీ రెండో పెళ్ళి చేసుకున్నాయన, ఆ పెళ్ళిలో పుట్టిన మొదటి ఆడపిల్లకి పోయిన పెళ్ళాం పేరు పెట్టుకునేవాడట. ఆ రెండో ఆవిడ ఏమనుకుందో రాసుకోవడానికి మాత్రం మీ దగ్గర గడి లేదు.

నేను వెతుకుతున్నది మావారి ముత్తాతకి ముత్తాత, యెన్స్ హాన్సెన్ గారిని. 1769లో మీరు తొలిసారి లెక్క పెట్టినప్పుడు దాదాపు అంతటా తలలే లెక్కపెట్టారు, పేర్లు అడగలేదు. 1787లో బుద్ధొచ్చి దేశమంతా పేర్లు రాశారు. 1801లో మళ్ళీ రాశారు. ఆ రెండు లెక్కల్లోనూ వయసంటే 'ఎన్నో ఏడు నడుస్తోంది' అని. అక్కడ మాత్రం మీరూ మా అమ్మమ్మా ఒక్కటే. కానీ పద్నాలుగు, పదిహేనేళ్ళు వచ్చాక పిల్లలు ఊళ్ళో ఇంకొకరి కమతంలో పాలేర్లుగా, పనిపిల్లలుగా చేరిపోయేవాళ్ళు. మీరు ఎవరింట్లో ఉంటే అక్కడ రాశారు. చుట్టుపక్కల ఊళ్ళన్నీ గాలిస్తే ఆ ఈడు యెన్స్ హాన్సెన్లు నలుగురు పాలేర్లు తేలారు. అందులో ఒకాయన్ని మూడు వారాలు మావాడే అనుకుని సేవించాను. ఆయన వేరే ఊళ్ళో పెళ్ళి చేసుకుని, నా దారిన నన్ను వదిలేశాడు.

సరే, తర్వాతి లెక్కలో చూద్దామంటే అది 1834లో! ముప్ఫై మూడేళ్ళు పడుకున్నారు తాతగారూ. ఇంగ్లీషువాళ్ళు కోపెన్‌హాగన్ మీద నిప్పులు కురిపించారు, ఖజానా దివాలా తీసింది, నార్వే చేజారింది, మీరు మాత్రం లేవలేదు. 1802లో పుట్టినవాడు మీ కంటికి మొదటిసారి కనపడేసరికి వాడికి ముగ్గురు పిల్లలు.

1834లో మాత్రం మా యెన్స్ గారు ఇంకెవరూ కాకుండా ఆయనే దొరికారు, భార్య కిర్‌స్టెన్‌తో సహా. పెళ్ళయినా ఆవిడ తన తండ్రి పేరుతోనే ఉంది. ఈ ఒక్క విషయంలో మీకు దణ్ణం. అప్పుడావిడ వయసు 51. ఆరేళ్ళ తర్వాత, 1840లో 55. ఇది మేం అర్థం చేసుకోగలం, మా పిన్ని కూడా ఇదే లెక్కలో నడుస్తోంది. ఆ ఏడుకి దంపతులిద్దరూ కమతం కొడుక్కి అప్పజెప్పి 'ఆఫ్టెక్ట్'లో ఉన్నారు. అంటే ఏడాదికి ఇంత ధాన్యం, ఇన్ని పాలు, ఇన్ని కట్టెలు, ఉండటానికి ఒక గది అని కొడుకుతో కాగితం రాయించుకోవడం. కొడుకు మంచివాడే అయినా కాగితం ఉండేది. ఈ ముక్క అమ్మకి చెప్తే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ కాగితం ఎలా ఉంటుందో కాస్త కనుక్కో" అంది.

ఇక అసలు ఫిర్యాదు. 'పుట్టిన ఊరు' అనే గడి మీకు 1845 దాకా తోచలేదు. మనిషి పేరు అడిగాక, ఏ ఊరని అడగడానికి యాభై ఎనిమిదేళ్ళు! ఆ లెక్క తేదీ ఫిబ్రవరి 1. చర్చి రిజిస్టరు తీశాను. యెన్స్ హాన్సెన్ గారిని ఆ జనవరి రెండో వారంలో పూడ్చిపెట్టారు. మూడు వారాలు ఓపిక పట్టలేకపోయారా అని ఆయన్ని అడగాలో, మూడు వారాలు ముందు రాలేకపోయారా అని మిమ్మల్ని అడగాలో తెలియక రాత్రి ఒంటిగంటకి లాప్‌టాప్ ముందు తల పట్టుకున్నాను.

1845 లెక్క పేజీలో మాత్రం కిర్‌స్టెన్ ఉంది. ముక్కులు సాగిన ఆ గోతిక్ రాతని పెద్దది చేసి చూశాను. విధవ. వయసు 63. మొగుడుండగా ఆరేళ్ళలో నాలుగేళ్ళే పెరిగిన మనిషి, ఈ ఐదేళ్ళలో ఎనిమిదేళ్ళు పెరిగింది. పక్క గడిలో ఊరు కూడా ఉంది, స్పష్టంగా.

మీ దేశంలో పెళ్ళి సాధారణంగా పెళ్ళికూతురి ఊరి చర్చిలోనే చేసేవారట. అంటే యెన్స్ గారు ఎక్కడినుంచి వచ్చారో రాసి ఉంటే అక్కడే రాసుండాలి. మావారి వంశం కోసం ఇప్పుడు ఆవిడ పుట్టింటికి వెళ్ళాలన్నమాట. మావాడి డ్రాయింగు షీటు మీద ఆ కొమ్మ ఇంకా పెన్సిల్‌తోనే ఉంది. ఈ రాత్రికే బయల్దేరుతున్నాను, పాదిరిగారు కాస్త అర్థమయ్యేలా రాసుంటే బాగుండు.

ఇంతే సంగతులు, చిత్తగించవలెను.

ఇట్లు,
మీ దేశపు కోడలు