పచ్చ వైరు

డిస్క్ ప్లేయరుని టీవీకి తగిలించడంలో అసలు చిక్కంతా కన్నాల మంచితనమే. ఏవీ వైరంటే బొమ్మకి పసుపు, శబ్దానికి తెలుపు, ఎరుపు పిన్నులున్న తీగ. దాని పిన్నుని ఏ కన్నంలో పెట్టినా శుభ్రంగా దూరుతుంది, ఒక్కటీ వద్దనదు. హెచ్‌డీఎంఐ అలా కాదు. తిరగేసి పెడితే దూరదు, బొమ్మా శబ్దమూ ఒక్క తీగలోనే పోతాయి. అది ఉన్న ఇంట్లో హాస్యం పుట్టదు. పాత డీవీడీ ప్లేయరుకి ఆ మూతి లేకపోతేనే మావయ్య టార్చి పట్టుకుని టీవీ వెనక్కి దూరతాడు, మేనల్లుడు రిమోట్‌తో ముందు కూర్చుంటాడు.

"బొమ్మ వచ్చిందా?"

"లేదు మావయ్యా."

ఎలా వస్తుంది? ప్లేయరు వెనక పసుపు కన్నానికి పక్కింట్లోనే నారింజ కన్నం ఒకటి కాపురం ఉంటుంది. టార్చి వెలుగులో రెండూ కవలలు. నారింజది డిజిటల్ శబ్దం కోసం, ఆంప్లిఫయరుకి పోయే దారి. అందులో పసుపు పిన్ను గుచ్చితే తెర మీద ఏమీ రాదు. మావయ్య పిన్ను మార్చాడు.

"పచ్చది పచ్చదాంట్లోనే పెట్టావా?"

"పెట్టానురా!"

ఆయన అబద్ధమాడలేదు. మన భాషలో పచ్చగడ్డీ పచ్చే, పచ్చకామెర్లూ పచ్చే. చేతిలో వైరు కామెర్ల పచ్చ, టీవీ కన్నం గడ్డి పచ్చ.

"బొమ్మ వచ్చింది మావయ్యా, కానీ రంగుల్లేవు."

"పాత సినిమా డిస్కేమో!"

"డిస్కు పెట్టె మీద హీరో చొక్కా ఎర్రగా ఉంది."

కామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. ఇక్కడ పచ్చా పచ్చా కలిసి లోకాన్ని నలుపు తెలుపు చేశాయి. పసుపు తీగలో వెలుగునీడలూ రంగులూ కలగలిసి వస్తాయి. బొమ్మని మూడు తీగల్లో విడదీసి పంపే కాంపోనెంట్ పద్ధతిలో ఆకుపచ్చ కన్నం వెలుగునీడల్ని మాత్రమే చదువుకుంటుంది, రంగుల లెక్క నీలం, ఎరుపు కన్నాలది. అయితే చాలా టీవీల్లో ఆ ఆకుపచ్చ కన్నమే పసుపు తీగకీ ఆశ్రయమిస్తుంది. దాని కింద 'వీడియో' అని కూడా రాసి ఉంటుంది. మావయ్య తెలియక చేసినా ఒప్పే చేశాడు. తప్పంతా రిమోట్‌దే: సోర్స్‌లో 'కాంపోనెంట్' ఉంది. 'ఏవీ'కి మార్చగానే చొక్కా ఎర్రబడింది.

అక్కడితో ఆగితే మావయ్య ఎందుకవుతాడు? అయిదు తీగల కాంపోనెంట్ కట్ట తీశాడు, బొమ్మ ఇంకా తేటగా రావాలని. ఆ కోరిక న్యాయమైనదే. విడివిడిగా వచ్చే సంకేతాలకి పదును ఎక్కువ. కాకపోతే పసుపు తీగ పీకకముందే ప్లేయరు మెనూలో వీడియో అవుట్‌పుట్‌ని కాంపోనెంట్‌కి మార్చుకోవాలి. పీకేశాక మెనూ కనిపించకపోవచ్చు. మార్చగానే తెర ఖాళీ అయితే కంగారు పడక్కర్లేదు, కొన్ని ప్లేయర్లు ఆ క్షణమే పసుపు కన్నాన్ని మూసేస్తాయి. ఆ మెనూలో పక్కనే 'ప్రోగ్రెసివ్' అని, బొమ్మని గీత విడవకుండా ఒకేసారి పంపే పద్ధతి ఒకటి ఊరిస్తుంది. పాత టీవీ అయితే దాని జోలికి పోకూడదు, బొమ్మ చీలికలు పీలికలవుతుంది.

అయిదు తీగల్లో ఎర్రవి రెండు. ఒకటి ఆకుపచ్చ, నీలాలతో కలిసి బొమ్మ మోస్తుంది, రెండోది తెల్లదానితో కలిసి శబ్దం మోస్తుంది. కొన్నాక మొట్టమొదటి పని, బొమ్మ తీగలు మూడింటినీ రెండు కొసల దగ్గరా దారంతో కట్టేయడం. రెండు ఎర్ర తీగలూ రెండు వైపులా ఒకేలా తారుమారైతే బాధ లేదు, రాగికి రంగు తెలియదు. ఒక్క కొస దగ్గర మారిందా, బొమ్మలో ఎరుపు వెళ్లి కుడి స్పీకర్లో పడుతుంది. మావయ్యకి ఈ దారం మాట చెప్పినవాళ్లు లేరు.

మావయ్య టీవీ వెనక నుంచి సగం బయటికొచ్చి చెమట తుడుచుకున్నాడు.

"ఈసారి సోర్స్ కాంపోనెంట్‌లోనే పెట్టావా?"

"పెట్టాను మావయ్యా. కుడి స్పీకరు తేనెతుట్టెలా జుయ్‌మంటోంది. హీరో మొహం పచ్చగా ఉంది."

టార్చి మళ్లీ వెలిగింది.

"ఏ పచ్చరా?"